ఏటి గట్టున రెండు సైన్యాలు

మా ఇల్లు కడప జిల్లాలోని ఒక చేనేత ఊళ్లో ఉంది. ఒక ఇంటికి అడ్డంగా గోడ వేసి రెండిళ్లు చేశారు. నాన్నకూ చిన్నాన్నకూ భాగాలు పంచినప్పుడు పెద్దమనుషులు దారం పట్టి కొలిచి, వెంట్రుకవాసి తేడా రాకుండా నడిమధ్యన గోడ కట్టించారు. న్యాయం అంత కచ్చితంగా జరిగింది కాబట్టి మగ్గం గుంట మా వైపుకు వచ్చింది, దానికి వెలుతురిచ్చే కిటికీ చిన్నాన్న వైపుకు పోయింది. అప్పట్నుంచి నాన్న పట్టపగలు ట్యూబులైటు వేసుకుని నేస్తున్నాడు. పొద్దున్నే ఆ కిటికీలోంచి వచ్చే చక్కటి ఎండ చిన్నాన్న వాళ్ల గ్యాస్ బండ మీద పడుతుంది.

అన్నదమ్ములిద్దరికీ ఆ గోడతోనే మాటలు ఆగిపోయాయి. రాయలసీమలో పగ అంటే బయటివాళ్లు బాంబులూ వేటకొడవళ్లూ ఊహించుకుంటారు. మా ఇంటి పగకు అంత ఖర్చు లేదు. ఇద్దరూ గమ్మునున్నారు, అంతే. తప్పనిసరిగా చెప్పాల్సింది ఏదైనా ఉంటే కూరగాయలమ్మే ఆమెకు చెప్పేవాళ్లు. ఆమె రాని రోజు గోడవతలికి వినబడేట్టు, రెండిళ్లలోనూ తిరిగే పిల్లికి చెప్పేవాళ్లు. గోడ ఒంటి ఇటుకది. అవతల కుక్కర్ కూతలు విని ఇవతల మా అమ్మ "పప్పు ఇంగా ఉడకల్యా" అని తీర్పు చెప్పేది.

గోడకు ఇటు నేను, అటు చిన్నాన్న కూతురు, నాకు చెల్లెలు. నేను ఇంట్లోనే కూచుని కంప్యూటర్‌లో ఒక కంపెనీ పని చేస్తాను. మా చెల్లెలు ప్రొద్దుటూరులో మందుల అంగడికి పోయి వస్తుంది. పెద్దవాళ్ల జగడం మాకు అంటలేదు. మాకు వేరే జగడం ఉంది. సాయంత్రాలు తను ఆ గదిలో, నేను ఈ గదిలో కూచుని కంప్యూటర్‌లో యుద్ధాలు చేసుకుంటాం. అది వంతుల ఆట. నేను నా సైన్యాన్ని జరిపి వంతు అయిపోయిందని నొక్కితే, తను జరిపేదాకా ప్రపంచం కదలదు. సీరియల్ చూస్తూ కూడా ఆడుకోవచ్చు.

నేను చెప్పబోయే యుద్ధం ఇంగ్లండుది. పూర్వం ఆ దేశంలో రాజు మనుషులూ పార్లమెంటు మనుషులూ రెండు పక్షాలై కొట్టుకున్నారట. నేను రాజు పక్షం, చెల్లెలు పార్లమెంటు. చివరి వంతుకు ఎవరి సైన్యం లండన్‌లో ఉంటే వాళ్లు గెలిచినట్టు. ఇద్దరిలో ఎవరూ లేకపోతే ఇద్దరూ ఓడినట్టు. మామూలుగా ఈ ఆటలో శత్రువుతో సంధి చేసుకోవడానికి ఒక బటన్ ఉంటుంది. ఈ యుద్ధంలో మాత్రం దాన్ని బూడిద రంగులో పెట్టారు, నొక్కినా పలకదు. సొంతవాళ్ల మధ్య యుద్ధం కాబట్టి సంధి కుదరదని కింద రాసి ఉంది. ఈ ఆట చేసినవాళ్లు మా ఇంటికి ఎప్పుడొచ్చి పోయారో తెలియదు.

ఆ యుద్ధం నడుస్తుండగానే చెల్లెలి పెళ్లి కుదిరింది. మా ఇంట్లో పెళ్లికూతురి ముహూర్తం చీర ఇంటి మగ్గం మీదే నేస్తారు. మా అవ్వ అలాగే కట్టుకుంది, మా మేనత్తలు అలాగే కట్టుకున్నారు. నేసేవాళ్లింటి పిల్ల అంగడి చీరతో పీట మీద కూచుంటే, వంటవాడి ఇంట్లో పెళ్లికి హోటల్ నుంచి భోజనం తెప్పించినట్టే. ఇప్పుడు ఇంటి మగ్గం అంటే మా నాన్నదొక్కటే. చిన్నాన్న మగ్గం వదిలేసి చాలా కాలమైంది, బట్టల అంగడిలో లెక్కలు చూస్తున్నాడు.

"అడిగితే నేస్తా. అడగల్ల గదా" అన్నాడు నాన్న, పిల్లితో.

"అన్నంటే తనకే తెలియల్ల. అడిగించుకునేదేంది?" అన్నాడు చిన్నాన్న, అవతల అదే పిల్లితో.

పిల్లి ఎవరికీ ఏమీ చేరవేయలేదు. ముహూర్తం దగ్గర పడుతోంది. చీర నేయడానికి పట్టే రోజులు మాకందరికీ తెలుసు. చెల్లెలు ఒక సాయంత్రం తన వంతు ఆడేసి ఫోన్ చేసింది. "అక్కా, అంగడి చీర కట్టుకోని నేను పీట మీద కూచోను. పెదనాయన నేసిందే కావల్ల నాకు" అంది. తర్వాత చాలాసేపు ఏడ్చింది. గోడవతల నుంచి ఒకసారి, ఫోన్లోంచి ఒకసారి, ఆ ఏడుపు నాకు రెండుసార్లు వినబడింది. ఏం చేయాలో తెలియక నా గుర్రాలను రెండు గళ్లు ముందుకు జరిపాను.

మర్నాడు మా మగ్గం గదిలో ట్యూబులైటు మాడిపోయింది. పని లేక నాన్న నా గదిలోకి వచ్చి వెనకాల నిలబడ్డాడు.

"అవతల ఎవురు?"

"చెల్లెలు."

నాన్న బొంత తెచ్చుకుని కింద పరుచుకుని కూచున్నాడు. తర్వాత తెర మీద నీలం గీత చూపించాడు.

"ఆ యేరు ఎవురిది?"

ఎవరిదీ కాదన్నాను. నాన్న మొహంలో రంగు మారింది. "ఎవురిదీ గాని యేరును ఇడిసిపెట్టి ఆ ఊరెందుకు మే నీకు? పో, గట్టు పట్టుకో" అన్నాడు.

ఆ దేశంలో వారానికి ఆరు రోజులు వానేనని, అక్కడ ఏటికి విలువ లేదని, లండన్ పట్టుకుంటేనే గెలుస్తామని చెప్పాను. "వాన పడ్తే మాత్రం? వాన పోతాది, యేరు ఉంటాది" అన్నాడు. మా పెన్నలో వానా పోతుంది, యేరూ పోతుంది. నీళ్లు వస్తే ఊరంతా తిరునాళ్లకు పోయినట్టు చూడ్డానికి పోతాం, తెలిసినవాళ్లకు ఫోన్లు చేసి చెబుతాం. అలాంటి చోట పుట్టిన మనిషికి ఎదురు చెప్పలేక సైన్యాన్నంతా ఏటి గట్టుకు పంపాను.

ఇక లండన్ చెల్లెలిదే అనుకున్నాను. తను దూకుడు మనిషి, ఒక్క వంతు కూడా వృథా చేయదు. చూస్తే తన సైన్యమంతా కట్టగట్టుకుని అవతలి గట్టు మీద దిగింది. ఇదేమిటని మెసేజ్ పెట్టాను. 'మా నాయన పక్కనే కూచోనుండాడు' అని జవాబు వచ్చింది.

ఆ తర్వాత ఏ సైన్యమూ కదల్లేదు. లండన్ వాకిలి తీసిన ఇల్లులాగా ఖాళీగా పడి ఉంది. ఆకలితో సిపాయిలు పారిపోతున్నారని ఆట మొత్తుకుంది. "ఏటి గట్టునుండి ఆకలేంది?" అన్నాడు నాన్న. కొత్త ట్యూబులైటు వచ్చింది, నాన్న పగలు నేస్తూ సాయంత్రం యుద్ధానికి వేళకు వచ్చేవాడు. చెల్లెలి చీర మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

చివరి వంతు ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. ఆ ఒక్క వంతుకు మాత్రం ఆట ఇద్దరికీ కలిపి గడువు పెడుతుంది. ఎవరైనా గట్టు వదిలి లేస్తే లండన్ అందుతుంది. 'మీ నాయన్ను లెయ్యమను' అని చెల్లెలు మెసేజ్ పెట్టింది. నాన్నకు చదివి వినిపించాను.

"ముందు వాన్ని లెయ్యమను."

నేను టైపు చేస్తుండగానే గోడవతల నుంచి చిన్నాన్న అరుపు వినబడింది. "పెద్దోడు ముందు లెయ్యల్ల!"

నాన్న గోడవైపు తిరిగాడు. "పెద్దోడు లేస్తే ఇంటికి మర్యాద ఉంటాదంట్రా?"

పిల్లి ఆ సమయానికి ఇంట్లో లేదు.

"ఏం మర్యాదన్నా? కిటికీ నా తట్టు పడిందని ఇన్నేండ్లు మొగం సూడకుంటివి. కిటికీని నేను ఎత్తకపోయినానా?"

"మొగం సూడంది నువ్వు! బిడ్డకు అంగడి చీర కడ్తావంట. ఊర్లో మన మొగాలు యాడ పెట్టుకోవల్ల?"

"మరి నేస్తానని ఒక మాటంటివా?"

"నువ్వడిగితివా?"

"అడగల్నా? అది నీ బిడ్డ గాదా?"

ఇంత చిన్న మాట అనడానికి ఇన్నేళ్లు పట్టిందా అని నాకు ఇద్దరి మీదా పట్టరాని కోపం వచ్చింది. నాన్న గొంతు తగ్గించి, "ట్యూబులైటు కింద ఎరుపేదో ముదురు వక్కరంగేదో తెలీదురా. పెండ్లి చీర అట్ల నెయ్యగూడదు" అన్నాడు.

ఈ గొడవలో చివరి వంతు గడువు అయిపోయింది. రాజ్యం రెండుగా చీలిపోయిందని తెర మీద పడింది.

"ఏమాయ?" అన్నాడు నాన్న.

"ఇద్దరం ఓడిపోయినాం నాయనా."

"యేరు?"

"ఆడనే ఉండాది."

"సరే" అని లేచి మగ్గం గదిలోకి పోయాడు.

మర్నాడు పొద్దున ఆ గదిలో ఉలి చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే గోడలోంచి ఒక ఇటుక మా వైపు పడింది. తర్వాత ఇంకొకటి. చిన్నాన్న అవతల గొంతుక్కూచుని మగ్గం ఎత్తుకు సరిగ్గా కిటికీకి ఎదురుగా గోడను తొలుస్తున్నాడు. నాన్న మగ్గం మీద దుమ్ము పడకుండా దుప్పటి పట్టుకుని నిలబడ్డాడు. సందు తగినంత అయ్యాక నాన్న దుప్పటి తీసి గుంటలో దిగి కూచున్నాడు. ఎర్రటి నూలు మీద ఎండ పడింది, నడుమ ఒకచోట మాత్రం నల్లగా నీడ.

"బండ అడ్డముండాది" అన్నాడు నాన్న, సందులోంచి తమ్ముడి మొహం చూస్తూ.

చిన్నాన్న లేచి గ్యాస్ బండ పక్కకు జరిపాడు.