ఫౌజీ తాత వెళ్లిన ఊరు

మా పక్కింటి ఫౌజీ తాత మొన్న సోమవారం పొద్దున పోయాడు. చాయ్ పట్టుకెళ్లిన ఆయన భార్య, అవ్వ, ఆయన్ని రెండుసార్లు పిలిచి, తర్వాత నన్ను పిలిచింది. మంచం మీద దుప్పటి నాలుగు మూలలూ కలిపి మడతపెట్టి ఉంది. రోజూలాగే లేచి మడతపెట్టి, మళ్లీ ఒరిగాడట.

నారాయణఖేడ్ బస్టాండులో ఎవరైనా తోసుకుంటే ఊరుకునేవాడు కాదు. "జల్దీ పడితే బస్సు ముందుగాల రాదు" అని వరుసలో నిలబెట్టేవాడు. సైన్యంలో ఉన్నప్పుడు చూసిన యుద్ధం గురించి మాత్రం ఎంత అడిగినా నోరు విప్పేవాడు కాదు.

మా ఇంటికి టీవీ వచ్చిన కొత్తల్లో ఆదివారాలు ఒక ఫౌజీ సీరియల్ వచ్చేది. హిందీ మాకు రాదు కాబట్టి తాతే తెలుగులో చెప్పేవాడు. ఒక వారం కథంతా రిటైరైన ముసలి సిపాయిలదే. పాత యూనిఫాం గుండీలు పట్టవు, ఒకరి కళ్లజోడు ఇంకొకరు పెట్టుకుంటారు, క్యాంపులో దొంగ దూరాడనుకుని మేకను చుట్టుముడతారు. తాత పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన అంతగా నవ్వగా తానెన్నడూ చూడలేదంది అవ్వ. చివర్లో ముసలి హవల్దారు పేర్లు పిలిచాడు. చనిపోయినవాళ్ల పేర్లకు కూడా మిగిలినవాళ్లే హాజర్ అన్నారు. తాత తెలుగులో చెప్పడం ఆపేసి, లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు నా కుట్టుమిషన్ దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"బిడ్డా, నాగల్‌గిద్ద దాటినంక ఫౌజుల నాతోని ఉన్న జోడీగాని ఊరున్నది. యుద్ధంల నా పక్కకే సచ్చిండు. బతికుంటే గా టీవీల ముసలోళ్ల లెక్కనే ఉంటుండె. ఆ ఇంటికి ఇప్పటిదాంక పోలే. ఒక్కన్నే పోనీకె ధైర్యం చాలుతలేదు."

అంత మనిషి నన్ను తోడడిగాడని ఇప్పటికీ గుండె నిండుతుంది.

మేం వెళ్లేసరికి జోడీగాడి భార్య వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. తాత చేతులు కట్టుకుని తానెవరో చెప్పాడు. ఇన్నేళ్లూ ఎందుకు రాలేదని ఆమె అడగలేదు. ఒక్కటే అడిగింది.

"ఆ దినం ఊట చేసిండెనా, తిన్నడా? కడుపుల ఇంత అన్నం ఉండెనా?"

"తిన్నడమ్మా. నా రొట్టె గూడ గుంజుకొని తిన్నడు."

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. అట్లనే తింటుండె అంది. చేట పక్కన పెట్టి, మా కోసం పొయ్యి ముట్టించింది.

తిరుగు బస్సులో తాత కిటికీ పక్కన కూర్చున్నాడు. తర్వాత నావైపు చూడకుండానే అన్నాడు.

"వాడు తినలే బిడ్డా. అప్పటికి రెండు దినాల సంది ఇద్దరం తినలే."

రోడ్డుకు రెండు వైపులా కంది చేలు పసుపుగా పూసి ఉన్నాయి. తాత రుమాలు ముఖానికి అడ్డం పెట్టుకుని, ఊరొచ్చేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు.