ఇరవై ఏడు సార్లు ఎనభై నాలుగు

ఆమెకు బొంగరం అని పేరు పెట్టింది మేనమామ. ఉయ్యాలలో వేస్తే ఊపు ఆగకముందే లేచి కూర్చునేదట. నడక వచ్చాక, పడుకోబెడితే తలుపు గడియ పడిందో లేదో చూసి రావడానికి నాలుగుసార్లు మంచం దిగేదట. వాళ్ళమ్మ విసుక్కుంటే మేనమామ, "దీని కాళ్ళకు ఎవరో తాడు చుట్టి వదిలారే అక్కా, ఆ ఊపు తగ్గేదాకా తిరుగుతుంది" అని నవ్వేవాడు. ముప్పై తొమ్మిదేళ్ళు వచ్చినా ఆ ఊపు తగ్గలేదు.

ఆమె పనిచేసేది కాగితం మిల్లులో. ఉడికే గుజ్జు వాసన బట్టల్లోకి, జుట్టులోకి, చివరికి మూత బిగించిన టిఫిన్ డబ్బాలోకి కూడా చేరే చోటు. మేనమామదీ ఆ మిల్లే. ఆయన పని రీడింగులు తీయడం. మెడలో వేడి కొలిచే పరికరం, చేతిలో ట్యాబ్, జేబులో సుద్దముక్క. షిఫ్టుకొకసారి ఒక్కో యంత్రం దగ్గరా ఆగి, దాని ఒంటిని తాకి, అంకె రాసుకుని ముందుకు వెళతాడు. పదిహేడేళ్ళ కిందట ఆమెను అక్కడ టైపిస్టుగా చేర్పించిందీ ఆయనే.

రిపేరు రిజిస్టర్లు టైపు చేసి చేసి ఆమెకు యంత్రాల జబ్బులన్నీ నోటికి వచ్చేశాయి. ఏ పంపు ఎప్పుడు మూలిగిందో, ఏ ఫ్యాను ఎవరి చేతిలో కుదుటపడిందో చూడకుండా చెప్పేది. తర్వాత మెయింటెనెన్స్ సాఫ్ట్‌వేర్ వచ్చింది. కంప్యూటరు తెలిసినవాళ్ళు పంపును చూడలేదు, పంపు తెలిసినవాళ్ళు కీబోర్డును ముట్టుకోలేదు. రెండిటికీ మధ్య నిలబడి ఉన్నది ఆమె ఒక్కతే. పని ఆమె మీద పడింది.

అందులో ముఖ్యమైనవి రెండు. ప్రతి యంత్రానికీ ఒక స్టేటస్ ఉంటుంది: నడుస్తోంది, జాగ్రత్త, ఆపాలి, రిపేరులో ఉంది, సిద్ధం. దేని నుంచి దేనికి వెళ్ళవచ్చో, ఎవరు మార్చవచ్చో, ఏ ఆధారం ఉంటే మార్చవచ్చో ఆమె రాసిపెట్టాలి. ఇక మెజరింగ్ పాయింట్లు. యంత్రం ఒంటి మీద ఎక్కడ చెయ్యి పెట్టి చూడాలో, అక్కడ ఎంత వేడి, ఎంత అదురు మామూలో చెప్పే చోట్లు. మనిషికి నాడి మణికట్టు దగ్గర దొరికినట్టు పంపుకు బేరింగు దగ్గర దొరుకుతుంది. నూట పన్నెండు యంత్రాలకు మూడు వందల నలభై నాడులు వెతికి పెట్టిందామె. ఒక్కోదాని దగ్గరకూ నడిచి వెళ్ళి, వంగి, చూసి మరీ. ఒకచోట కూర్చోలేని మనిషికి అంతకంటే ఏం కావాలి.

ఆ మంగళవారం పొద్దున కూడా గ్యాసు కట్టేసిందో లేదో చూడటానికి గుమ్మం దాకా వచ్చి రెండుసార్లు వెనక్కి వెళ్ళింది. జెరాక్సు షాపు తెరవడానికి బయల్దేరుతున్న భర్త చెప్పులు వేసుకుంటూ, "నాకూ ఓ స్టేటస్ పెట్టవే. టీ ఇచ్చారు, టీ ఇవ్వలేదు, ఏదో ఒకటి. గంట నుంచీ సిద్ధంలోనే ఉన్నాను" అన్నాడు.

"మీరెప్పుడూ రిపేరులోనే" అని ఆమె మూడోసారి వంటింట్లోకి వెళ్ళింది.

మిల్లులో ఆమె గది కిటికీకి ఎదురుగా గుజ్జు పంపుల షెడ్డు. పొద్దున్నే రీడింగుల పట్టికలు తిప్పి చూడటం అలవాటు. ఆ రోజు మూడో పంపు దగ్గర ఆమె వేలు ఆగింది. ఎనభై నాలుగు. పైన ఎనభై నాలుగు. ఆ పైన ఎనభై నాలుగు. మొదట, పరవాలేదే, నిలకడగా ఉంది అనుకుంది. మరుక్షణం ఆ నిలకడే ఒంట్లో ఎక్కడో గుచ్చుకుంది.

నడిచే యంత్రం అంకెలు ఊపిరి పీలుస్తాయి. డెబ్భై తొమ్మిది, ఎనభై ఒకటి, డెబ్భై ఎనిమిది. ఎండకు పైకి లేస్తాయి, వానకు కిందికి దిగుతాయి. గడిచిన తొమ్మిది రోజుల్లో రెండు రోజులు జోరున వాన పడింది, మూడు రోజులు ఎండ తారును మెత్తబరిచింది. ఈ అంకెకు వాన తెలియలేదు, ఎండా తెలియలేదు. తొమ్మిది రోజులు, రోజుకు మూడు షిఫ్టులు, ఇరవై ఏడు సార్లు ఎనభై నాలుగు. ఊపిరి పీల్చని ఒక నిలువు గీత.

గీతను చూస్తుండగానే ఏడు నెలల కిందటి ఒక సాయంత్రం గుర్తొచ్చింది.

కొత్తలో ఎవరో డెబ్భై ఎనిమిదికి బదులు ఏడు వందల ఎనభై కొట్టారు. సిస్టం గగ్గోలు పెట్టింది. యంత్రం ఆపేశారు. తీరా చూస్తే దానికేమీ లేదు. మేనేజరు అందరి ముందూ, "ఎక్కడైనా పంపు ఏడు వందల డిగ్రీలు ఉంటుందా అమ్మా? ఆ మాత్రం మీ సిస్టంకి తెలీదా" అన్నాడు. ఆ మాట ముల్లులా దిగింది. ఆ సాయంత్రమే కూర్చుని ప్రతి నాడికీ ఒక హద్దు రాసి, హద్దు దాటిన అంకెను తీసుకోవద్దని చిన్న గడిలో టిక్కు పెట్టింది. పంపు తయారుచేసినవాళ్ళ పుస్తకంలో ఎనభై నాలుగు దాకా పరవాలేదు, ఆ పైన ప్రమాదం అని ఉంది. ఎనభై నాలుగు రాసింది. అసాధ్యమైన అంకెను ఆపాల్సిన చోట, ప్రమాదమైన అంకెను ఆపేసింది. గడియ నాలుగుసార్లు చూసే మనిషి, ఆ టిక్కును రెండోసారి చూడలేదు.

షెడ్డులోకి దాదాపు పరుగెత్తింది. మేనమామ రెండో పంపు పక్కన నిలబడి ఉన్నాడు. ఆ పంపును పొట్ట విప్పి నేల మీద పరిచారు. పది రోజుల నుంచి రిపేరులో ఉంది. అందుకే దాని వాటా కూడా మూడోదే ఒంటరిగా మోస్తోంది.

"మావయ్యా, మూడోది నిన్న ఎంతుంది?"

"సిస్టంలోదా, పంపుదా?" అన్నాడాయన, తల తిప్పకుండా.

ఆమె ఆయన చేతిలోని ట్యాబ్ వైపు చూసింది.

"నీ ట్యాబ్ ఎనభై నాలుగు దాటితే తీసుకోదు కదే. మొహం ఎర్రగా పెడుతుంది, పేజీ దాటనివ్వదు. మిగతా యంత్రాలు రాయొద్దా మరి? అది ఎంతకు ఒప్పుకుంటే అంత ఇచ్చి ముందుకెళ్తున్నాం. మూడు షిఫ్టుల్లో రాసే ముగ్గురం అంతే."

"ఎవరికీ చెప్పలేదా?"

"షిఫ్టు ఇన్‌ఛార్జికి చెప్పాను. సిస్టం ఏమంటోంది అన్నాడు. ఎనభై నాలుగంటోంది అన్నాను. అయితే బానే ఉందిగా అన్నాడు."

"నాకు చెప్పొచ్చుగా మావయ్యా."

ఆయన అప్పుడు తల తిప్పాడు. నిజంగానే ఆశ్చర్యపోయినట్టు చూశాడు. "నువ్వు పెట్టిందే కదే అది. అది వద్దంటే నువ్వు వద్దన్నట్టే అనుకున్నాను. గడియ నాలుగుసార్లు చూసే పిల్లవి, చూడకుండా పెడతావా?"

ఆయన ఆమె భుజం పట్టి మూడో పంపు వెనక్కి తీసుకెళ్ళాడు. సిమెంటు దిమ్మ మీద సుద్దతో రెండు వరుసలు. ముగ్గురి చేతిరాతలు. ఎనభై అయిదు, ఎనభై ఆరు, ఎనభై ఆరు, ఎనభై ఎనిమిది. వాన పడిన రోజుల్లో ఒక మెట్టు దిగి, మళ్ళీ పైకి ఎక్కి, చివర తొంభై మూడు. తెరలో లేని ఊపిరి అంతా ఇక్కడ, ఒక సిమెంటు దిమ్మ మీద, చెయ్యి తగిలితే చెరిగిపోయే సుద్దలో ఉంది.

"ఇప్పుడు పెట్టు" అంది.

పరికరం తొంభై ఆరు చూపించింది. పంపు లోపలి నుంచి సన్నగా, ఎవరో పళ్ళు నూరుతున్నట్టు ఒక చప్పుడు వస్తోంది. షిఫ్టుకొకసారి మేనమామ ఆ చప్పుడు పక్కనే మోకాళ్ళ మీద కూర్చుంటాడు. బేరింగు పగిలితే లోపల తిరిగే కడ్డీ ఏ వైపు విరుచుకుపడుతుందో ఎవరూ చెప్పలేరు.

ట్యాబ్ లాక్కుని పంపు స్టేటస్‌ను 'ఆపాలి'కి మార్చబోయింది. హద్దు దాటిన రీడింగు లేదు, మార్చడం కుదరదు అని సిస్టం మర్యాదగా చెప్పింది. ఆ మర్యాద ఆమె రాసిందే. తొంభై ఆరు కొట్టింది. హద్దు దాటిన అంకె, తీసుకోవడం కుదరదు అంది. అదీ ఆమె రాసిందే. రెండు తలుపులూ తానే బిగించి మధ్యలో నిలబడింది. టిక్కు తీసేయాలంటే మార్పును ముందు వేరే సిస్టంలో పరీక్షించి, పైవాళ్ళ అనుమతి తీసుకుని, గురువారం అసలు సిస్టంలోకి ఎక్కించాలి. ఈ చప్పుడు గురువారం దాకా ఆగేలా లేదు.

మేనేజరు ఫోనులో ఉన్నాడు. ఆమె కూర్చోలేదు. ఆయన ఫోను పెట్టేదాకా బల్ల ముందు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది.

"నిలబడమ్మా ఒకచోట, కళ్ళు తిరుగుతున్నాయి" అన్నాడు.

"మూడో పంపు ఆపాలి సార్. ఇప్పుడే."

"రెండోది విప్పి ఉంది. మూడోది ఆపితే మిల్లే ఆగుతుంది. రేపు లారీలకు లోడింగు. సిస్టంలో ఎంతుంది?"

"ఎనభై నాలుగు. కానీ నిజానికి తొంభై ఆరు."

"సిస్టంలో లేనిది లేనట్టే అని మనమే కదమ్మా అందరికీ చెప్పాం. ఇప్పుడు సుద్దముక్క చూసి మిల్లు ఆపమంటావా?"

ఆమె ఆయన కంప్యూటరు తెరను తన వైపు తిప్పుకుని పట్టిక తెరిచింది. "వేలు పెట్టి లెక్కపెట్టండి సార్. ఇరవై ఏడు సార్లు ఒకే అంకె. మీ ఇంట్లో గడియారం కూడా అంత కచ్చితంగా ఉండదు."

ఆయన లెక్కపెట్టలేదు గానీ చాలాసేపు చూశాడు. మొహం మెల్లగా బిగుసుకుంది. "అంటే తొమ్మిది రోజులుగా దొంగ రీడింగులు రాస్తున్నారన్నమాట. ఎవరు? షిఫ్టుల పేర్లు చెప్పు."

మేనమామ పేరు ఆ పట్టికలో తొమ్మిదిసార్లు ఉంది. ఆమె నడక ఆగిపోయింది.

"రాసింది వాళ్ళు. రాయించింది నేను" అంది. "హద్దు తప్పు పెట్టాను. నిజం అంకె కొడితే సిస్టం తీసుకోకుండా టిక్కు పెట్టాను. వాళ్ళు నిజం దిమ్మ మీద రాశారు, నేను చదవలేదు. ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెడతాను. మీరు ఆపమని చెప్పండి."

"ఆపాక ఏం లేదనుకో. ఆ కాగితం నీ మెడకే చుట్టుకుంటుంది."

"చుట్టుకోనివ్వండి."

ప్రింటరులోంచి తెల్లకాగితం లాగి నిలబడే రాసింది. అయిదు వాక్యాలు. చివర సంతకం. మేనేజరు కాగితాన్ని రెండుసార్లు చదివి ఫోను అందుకున్నాడు.

మిల్లు ఆగడం ఆమె చాలాసార్లు చూసింది గానీ, తన మాట మీద ఆగడం అదే మొదలు. ముందు పంపు, తర్వాత గుజ్జు ప్రవాహం, ఆఖరున కాగితం యంత్రం. పొడవాటి తెల్లని కాగితం కదలడం మానేసి వేలాడింది. పదిహేడేళ్ళుగా చెవుల్లో ఉన్న హోరు తీసేస్తే లోపల ఇంత ఖాళీ ఉంటుందని ఆమెకు తెలియదు. ఆ ఖాళీలో షెడ్డు చుట్టూ నాలుగుసార్లు తిరిగింది.

చల్లారాక ఫిట్టరు బేరింగు విప్పి గోనెపట్టా మీద పెట్టాడు. ఉక్కు గుండ్లు నీలంగా కమిలి ఉన్నాయి. వాటిని పట్టి ఉంచే వలయం మూడు ముక్కలైంది.

"ఇంకా ఎంతసేపు నడిచేది?" అంది ఆమె. ఆ జవాబు కోసమే అంతసేపూ నిలబడింది.

ఫిట్టరు ఒక ముక్కను వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. "గంట నడిచేదో, వారం నడిచేదో. దీనికి మాత్రం తెలుసా మేడం?"

సాయంత్రానికి ఆమె చేతికి సంజాయిషీ అడుగుతూ ఒక ఉత్తరం వచ్చింది. రీడింగుల వాళ్ళకు రాలేదు. మేనమామ గేటు దగ్గర ఆ ఉత్తరం అడిగి తీసుకుని, కళ్ళద్దాలు పైకి తోసి చదివి, నాలుగు మడతలు పెట్టి తిరిగి ఇచ్చాడు. "నీ చేతిరాత కంటే వాళ్ళ టైపింగే బావుంది" అన్నాడు.

గురువారం టిక్కు తీసేసింది. ఇప్పుడు హద్దు దాటితే సిస్టం పసుపురంగులో హెచ్చరించి, అంకెను మాత్రం తీసుకుంటుంది. నిజంగా అసాధ్యమైన వాటికి వేరే హద్దు, చాలా ఎత్తున పెట్టింది. శుక్రవారం పొద్దున మరో నాలుగు యంత్రాల అంకెలు పాత హద్దులు దాటి పైకి వచ్చాయి, ఎవరో నోటి మీద చెయ్యి తీసేసినట్టు. మేనేజరు ఆ రోజంతా ఆమె కనిపిస్తే దారి మార్చుకుని తిరిగాడు.

ఆరు వారాల తర్వాత, బాయిలరు ఫ్యాను దగ్గర ఒక ఎనభై నాలుగు వచ్చింది. మామూలు ఎనభై నాలుగు; పసుపు లేదు, హెచ్చరిక లేదు. ఆమె కుర్చీ వెనక్కి పడేలా లేచింది.

"వచ్చావా" అన్నాడు మేనమామ. "నీకోసమే నిలబడ్డాను. ఈ అంకె చూసి నువ్వు కూర్చుంటావా."

"మళ్ళీ పెట్టు."

పెట్టాడు. ఎనభై నాలుగు.

"ఇంకోసారి."

"ఏం చెయ్యమంటావే, కొంచెం వేడెక్కమని బతిమాలనా దాన్ని?"

ఆమె చేతి వెనకభాగం బేరింగు మీద ఆనించి చటుక్కున తీసింది. వేడి. ఎంత వేడో చెయ్యి చెప్పదు. తల ఊపి వెనుదిరిగింది. మలుపు దగ్గరకు వచ్చేసరికి అడుగులు నెమ్మదించాయి.

"మూడోసారి కూడా అంతే" అని వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది. "వెళ్ళి పని చూసుకో."

ట్యాబ్‌లో అంకె కొట్టాడు. తర్వాత జేబులోంచి సుద్దముక్క తీసి, వంగి, ఫ్యాను దిమ్మ మీద కూడా రాశాడు.