గుండ్లకమ్మ నీటికుక్కలు

నా చిన్నప్పుడు మా ఊళ్లో సైకిలు తొక్కే ఆడమనిషి మా మేనత్త ఒక్కతే. గుండ్లకమ్మ ఏటికి దిగువన ఉన్న ఊరి బళ్లో టీచరు. బడికి, చర్చికి, సంతకి అన్నిటికీ ఆ సైకిలే. వెనక నుంచి కుర్రాళ్లు ఈలలు వేసినా తల తిప్పేది కాదు. పెళ్లి చేసుకోలేదు. శనివారం ఒంటిపూట బడి అయ్యాక ఏటి గట్టున తిరిగి రావడం ఒక్కటే ఆమె సరదా అని ఇంట్లోవాళ్లు నవ్వుకునేవారు.

క్రిస్మస్‌కి ఇంకా నెల ఉందనగా ఒక శనివారం నన్ను కూడా వెనక క్యారేజీ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లింది. నాకు తొమ్మిదేళ్లు. తుఫాను వానలు వెలిసి వారమైంది. దారికి ఒకపక్క పత్తి పగిలి తెల్లగా ఉంది, ఇంకోపక్క మిరప పూత మీదుంది. ఒక మలుపు దగ్గర అత్తయ్య సైకిలును తుమ్మచెట్టుకు ఆనించి, గట్టు మీద చప్పుడు చేయకుండా బోర్లా పడుకోమంది. చాలాసేపటికి కింద బొరియలోంచి నల్లటి తడి తల ఒకటి బయటికొచ్చింది. దాని వెనక మూడు పిల్లలు. నీటికుక్కలు! తల్లి చేపను పట్టి తెస్తే, దానికోసం పిల్లలు కీచుకీచుమంటూ ఇసుకలో దొర్లాయి. అత్తయ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చిన్నపిల్లలా నవ్వింది. ఇంట్లో ఆమె అలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు.

“కోడలు పిల్లా, ఇవి ఇక్కడున్నాయని ఎవరికీ చెప్పకే. వలలు చింపుతాయని జనానికి వీటి మీద కోపం,” అంది.

సోమవారం చెప్పేశాను. బళ్లో నా పక్కన కూర్చునే అమ్మాయి వాడరేవులో పడవెక్కానని గొప్పలు పోతుంటే ఊరుకోలేకపోయాను. వాళ్ల నాన్న ఏట్లో చేపలు పట్టే మనిషి. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే చెప్పానో, ఆ క్షణంలో మర్చిపోయి చెప్పానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

తర్వాతి శనివారం మేం వెళ్లేసరికి బొరియ ముందు బూడిద ఉంది. ఎండుమిరపకాయల పొగ పెట్టి, అవి బయటికి రాగానే వల వేసి కొట్టి చంపేశారు. ఇసుకలో ఈడ్చిన చారలున్నాయి. ఆ ఘాటుకి ఇద్దరికీ దగ్గొచ్చింది.

“ఎవరికన్నా చెప్పావా అమ్మా?” అని అడిగింది.

“లేదత్తా.”

మరో మాట అడక్కుండా నమ్మింది. “అయితే నా మూలానే. వారంవారం ఇక్కడే ఆగుతుంటే ఎవరో కనిపెట్టుంటారు,” అంటూ, నా కళ్లలో నీళ్లు ఘాటుకే అనుకుని కొంగుతో తుడిచింది.

ఆ తర్వాత ఆమె ఏటి గట్టుకు వెళ్లలేదు. బడికి కూడా రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి వెళ్లేది. శనివారాలు ఇంట్లో కూర్చుని పిల్లల నోటుపుస్తకాలు దిద్దుకునేది. కొంతకాలానికి ఆ సరదా సంగతే అందరూ మర్చిపోయారు. నేను మర్చిపోలేదు. హైస్కూల్లో ఉన్నప్పుడు, పెళ్లప్పుడు, పిల్లలు పుట్టాక ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత ఎందుకులే అని ప్రతిసారీ మింగేశాను.

చివరికి నేను చెప్పింది ఆమెకు ఎనభై దాటాక, చీరాలలో మా ఇంట్లో ఉన్నప్పుడు. తిడుతుందనో, నవ్వేస్తుందనో అనుకున్నాను. ఆమె ఆ రెండూ చేయలేదు.

“చిన్నపిల్లవి, నోరు జారావు. దానికేముందే? కానీ అప్పుడే చెప్పుంటే, నేను ఏటికి పోవడం మానేదాన్ని కాదు కదా,” అంది.

ఆమె పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు నావల్ల ఏ చిన్న పొరపాటు జరిగినా పొద్దుగూకేలోపే చెప్పేస్తాను. మా వాళ్లకది చాదస్తంలా ఉంటుంది. ఆ నీటికుక్కల కోసం ప్రార్థనలో ఎన్నోసార్లు క్షమించమని అడిగాను. అత్తయ్య పోగొట్టుకున్న అన్ని శనివారాలకూ ఎవరిని అడగాలో మాత్రం నాకింకా తెలియదు.