పదో బొట్టు

డెబ్బైలలో తిరువూరు బస్టాండు పక్కన నాకు పటాలు కట్టే కొట్టు ఉండేది. మేం ముసల్మానులం. అయినా హిందువుల దేవుళ్ల పటాలు కడితేనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం వినగడప రైతు ఒకాయన పాత దశావతారాల పటం పట్టుకొచ్చాడు. చేప రూపం దగ్గర్నుంచి ఇంకా పుట్టాల్సిన కల్కి దాకా, పదింటికీ అద్దం మీద కుంకుమ బొట్లు ఉన్నాయి. పటంతో పాటు ఏడేళ్ల పిల్లాడి ఫోటో ఒకటి నా ముందు పెట్టాడు.

"ఆ బొమ్మ తీసేసి ఇది పెట్టండి సాయిబు గారూ. మావాడు. జ్వరమొచ్చి పోయాడు."

నాకు చిరాకేసింది. సాయిబు దేవుణ్ణి పీకి పారేశాడని రేపు ఊరంతా అంటే ఈయన వచ్చి సర్దిచెబుతాడా? వేరే ఫ్రేములో కడతాను, దీన్ని ఇంటికి తీసుకెళ్లండి అన్నాను కటువుగానే.

"నెల రోజులు మా ఆవిడ దీనికే మొక్కిందండి. ఇంక ఆ గోడ మేకుకి మావాడే ఉంటాడు."

ఫ్రేము మేకులు ఊడదీసి బొమ్మ బయటికి తీశాను. దీన్నేం చెయ్యమంటారని అడిగాను.

"మీ ఇష్టం. ఆయన పదిసార్లు పుడతాడు. మావాడు ఒక్కసారే పుట్టాడు."

అద్దం మీద బొట్లు ఒక్కొక్కటే గుడ్డతో తుడిచాను. పదోది తుడవబోతుంటే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

ఫోటోని అట్ట మీద కాస్త పక్కకి జరిపి అద్దం బిగించాను. ఆ బొట్టు సరిగ్గా పిల్లాడి నుదుటి మీదికి వచ్చింది.