భుజం అని పిలిస్తే

మావ పోయాడని అత్త ఫోన్ చేసినప్పుడు నేను నెల్లిమర్ల బస్టాండులో ఉన్నాను. "సముద్రంలోనా?" అన్నాను. చేపలు పట్టేవాళ్ల ఇళ్లలో ముందు నోటికొచ్చేది అదే. "సముద్రం కాదే. ఒడ్డు మీదే. ఇంజిను మోస్తా పడిపోనాడు. ఒక్కడే ఎత్తుకున్నాడే," అంది.

ఆ "ఒక్కడే" దగ్గర మొదలైన కోపం ఇంకా చల్లారలేదు. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు కోపం ఉండకూడదంటారు. ఉంది, ఏం చెయ్యమంటారు?

మావ మా అమ్మకు తమ్ముడు. మా ఊరికి పడవలు ఆనుకునే జెట్టీ లేదు. పడవ ఇంజిను చెడిపోతే మోకాలి లోతు నీళ్లలో నిలబడి బోల్టులు విప్పి, గెడకు వేలాడగట్టి, ఇద్దరు చెరో చివర భుజానికెత్తుకుని ఇసకలో రోడ్డు దాకా మోయాలి. అక్కడ ఆటో ఎక్కిస్తే భోగాపురం మెకానిక్ దగ్గరికి పోతుంది. రెండో మనిషి కోసం "భుజం" అని ఒక్క కేక వేస్తారు. విన్నవాడు ఏ పనిలో ఉన్నా లేచి రావాలి. పిలవకుండా మాత్రం ఒకరి ఇంజిను ఇంకొకరు ముట్టుకోకూడదు. అది మా ఊరి కట్టుబాటు.

మావ కంచం ముందు నుంచి లేచిపోతుంటే అత్త సణిగేది. "కూడు సల్లారితే ఏటయిపోద్దే? కెరటాల్లో నిలబడ్డోడు ఎంతసేపుంటాడు?" అనేవాడు. ఎవరి ఇంజినైనా సరే, దింపగానే తన తువ్వాలు తీసి కప్పేవాడు. "ఉప్పుకి ఓర్సుకుంటాది గానీ ఇసక దూరితే సచ్చిపోతాది." ఆడపిల్లనని చూడకుండా నా చేత కూడా గెడ పట్టించాడు. "బరువుదేటుందే, పక్కోడి అడుగు సూసి అడుగెయ్," అని చెప్పాడు. అత్తారింట్లో కూడా ఆ మాటే నన్ను నడిపించింది.

వలల గొడవతో మా ఊరికీ పక్క ఊరికీ మాటల్లేని రోజుల్లో, వాళ్ల పడవ ఒకటి ఇంజిను ఆగిపోయి మా ఒడ్డుకు కొట్టుకొచ్చింది. "భుజం" అని పిలిచారు. అందరూ మొహాలు తిప్పుకున్నారు. మావ వెళ్లాడు. పెద్దలు నిలదీస్తే, "పిలిసినోడిది ఏ ఊరో అడగమని కట్టుబాటులో ఉన్నాదేటి?" అన్నాడు. అందుకు వెలి వేశారు. మావ పిలిస్తే ఎవరూ వెళ్లకూడదని తీర్పు.

నెల తిరక్కుండా ఆయన ఇంజినే ఆగిపోయింది. నీళ్లలో నిలబడి పిలిచాడట. ఒడ్డున కూర్చుని వలలు కుట్టుకుంటున్నవాళ్లు తలలు వంచుకున్నారట. ఆయన భుజం వాడుకోని ఇల్లు వాళ్లలో ఒక్కటీ లేదు. పిలిచి పిలిచి, ఒక్కడే ఎత్తుకుని, ఇసకలో సగం దూరం వచ్చి కూలబడ్డాడు. గుండె ఆగిపోయింది. "ఆయుష్షు తీరిపోనాది," అన్నారు పెద్దలు. "తీరలేదు, మీరు తీర్చారు," అని వాళ్ల మొహం మీదే అన్నాను.

పాడె మోయడానికి మాత్రం నేనంటే నేనని వచ్చారు. దానికి పిలుపు అక్కర్లేదు కదా. తిరిగొచ్చి స్నానాలయ్యాక గెడ పట్టుకుని, మావ కూలిన చోటే పడున్న ఇంజిను దగ్గరికి చేరారు. వెలి ఎత్తేశామన్నారు. "ఒక్క మాట పిలు వదినా, మోసేస్తాం," అన్నాడొకడు.

అత్త మావ తువ్వాలు తెచ్చి ఇంజిను మీద కప్పింది. గాలికి లేవకుండా అంచులు ఇసకలోకి దోపింది. ఎవరి వైపూ చూడకుండా ఇంటికి నడిచింది.

ఇంజిను ఇంకా అక్కడే ఉంది. పడవలకు వెళ్లేవాళ్లు దాన్ని తప్పించుకుని, చుట్టు తిరిగి పోతున్నారు. అత్త ఇంకా పిలవలేదు.