రన్ చేయని ప్రోగ్రాం

సిద్దికా మేడంకి కోపం ముక్కు మీదే ఉండేది. పెదకాకాని దాటాక మిరప చేల మధ్య మా కాలేజీ. అందులో కంప్యూటర్ ల్యాబ్ ఆవిడ చూసేవారు. కాంట్రాక్టు ఉద్యోగం. రన్ చేయకుండా రికార్డులో అవుట్‌పుట్ రాస్తే పేజీ చించి చేతిలో పెట్టేవారు. ఎన్ని చించినా ఏం లాభం? డిపార్ట్‌మెంటు బీరువాలో ఖాకీ అట్ట వేసిన పాత రికార్డు ఒకటుంది. ఏటా అందరూ గొర్రెల్లా దాన్నే దించేవాళ్ళు. ఎగ్జామినర్లూ దాన్ని చూసే దిద్దేవాళ్ళు. నేను మాత్రం ఆవిడకు భయపడి ప్రతిదీ రన్ చేసేదాన్ని.

2004 ఏప్రిల్, జావా ల్యాబ్ పరీక్ష. ముందు జవాబు కాగితం మీద రాయాలి. ఒకే పేరుతో రెండు మెథడ్లు, అంటే ప్రోగ్రాంలో పని చేసే ముక్కలు: ఒకటి షార్ట్ అనే చిన్నరకం అంకెకు, ఒకటి ఇంట్ అనే పెద్దరకానికి. రెండు షార్ట్‌లు కూడి పంపితే ఏది పనిచేస్తుంది? అందరూ షార్ట్ అన్నారు. నేను ఇంట్ అని రాశాను. కూడేటప్పుడు జావా వాటిని తనంతట తానే ఇంట్‌గా మార్చేస్తుంది. మిర్చి యార్డులో మా అమ్మ రెండు చిన్న సంచుల కాయలు కలిపితే, ఎంత కొంచెమైనా పోసేది పెద్ద టిక్కీ బస్తాలోనే.

ఎగ్జామినర్ పాత రికార్డు తిరగేసి నాకు సున్నా చుట్టాడు. రన్ చేసి చూపిస్తానంటే వినడే! నాకు ఒళ్ళు మండిపోయింది. ఇది తప్పితే హాస్టల్ సీటు పోతుంది, అమ్మ పక్కన కూర్చుని మిరపకాయల తొడిమలు తీయడమే.

"ఏమ్మా ఎలీసమ్మా, ఇంతమంది తప్పు, నువ్వొక్కదానివే ఒప్పా?" అన్నాడు.

మేడం ప్రోగ్రాం కొట్టి రన్ చేశారు. తెర మీద ఇంట్ అని వచ్చింది. మరి మీ రికార్డు షార్ట్ అంటోందేమని ఆయన ఎదురు తిరిగాడు. ఆవిడ ఖాకీ అట్ట పీకేశారు. లోపల లేబుల్ మీద ఆవిడ పేరే ఉంది, 1999.

"ఇక్కడ చదివేటప్పుడు అది రాసింది నేనేనండీ, రన్ చేయకుండా. చెప్పుకోడానికి సిగ్గేసి ఇన్నేళ్ళూ పిల్లల మీద అరుస్తున్నాను. ఆ సున్నా నాకు వేయండి."

ఆవిడ మీదా మండింది నాకు. ఆ ముక్క ముందే చెప్పి ఏడవచ్చుగా!

నేను పాసయ్యాను. కాలేజీ పరువు తీశారని జూన్‌లో ఆవిడ కాంట్రాక్టు పొడిగించలేదు. జూలైలో ల్యాబుకు వెళ్తే కొత్త బ్యాచ్ రికార్డులు రాస్తోంది. మధ్యలో అదే పుస్తకం, కొత్త ఖాకీ అట్టతో. షార్ట్ అని ఉన్న పేజీ అందరి ముందూ చించి పట్టుకొచ్చేశాను.