ఒక్కదాన్నే తిననన్న మా అత్త

పోయిన బుధవారం మొదటి బస్సులో బాపట్ల ఆసుపత్రి నుంచి కాంపౌండరు వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, "మీ అత్తగారు పోయారమ్మా. గుండె ఆగింది. కష్టపడలేదు" అన్నాడు. పొలానికి బయల్దేరుతున్న మా ఆయన వాకిట్లోనే చతికిలబడ్డాడు. నాకు మాత్రం ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా తగ్గలేదు, కాబట్టి ఇది చదివేవాళ్ళు నా మాటల్ని కాస్త ఓర్చుకోవాలి.

ఊళ్ళో ఎవరన్నా అడిగితే "కామెర్లండి" అని చెప్పి తప్పుకుంటున్నారు మా చుట్టాలు. ఎందుకండీ ఆ దొంగమాటలు? మా అత్త చివరి ఏళ్ళన్నీ ఉన్నది కుష్టురోగుల వార్డులో. మా వైపు దాన్ని పెద్దరోగం అంటారు, అసలు పేరు పలికితే నాలుక్కి అంటుకుంటుందన్నట్టు. ఆవిడకి ఆ భయం లేదు. మా గేదె, మా దొడ్డి అన్నంత మామూలుగా "నా రోగం" అనేది.

అరవైల మొదట్లో తెనాలి నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. చెరుకుపల్లి పక్కన చిన్న ఊరు, కూలి మీద బతికే పేట, పేట మధ్యలో తాటాకు కప్పిన చర్చి. మేం దాన్ని గుడి అనే అంటాం. వచ్చిన మొదటి ఆదివారమే నాకు తలనొప్పి. పడుకునే ఉన్నాను. అత్త చీర మార్చుకుని వచ్చి తలదగ్గర నిలబడింది.

"ఏంటి, రావా?"

"ఇంట్లోనే ప్రార్థన చేసుకుంటానత్తా. దేవుడు ఇక్కడ లేడా ఏంటి?"

"ఎందుకు లేడూ, ఉన్నాడు. పెళ్ళిలో వడ్డించే పప్పు మీ అమ్మా వండుద్ది గదా ఇంట్లో. మరి పెళ్ళికెందుకు పోతావే?"

లేచి తల దువ్వుకున్నాను. దారి పొడుగునా "తెనాలి నోరు మూతపడింది, ఇవ్వాళ వానొచ్చిద్ది" అని కనపడినవాళ్ళందరికీ చెప్పుకుంటూ నడిచింది. చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండింది.

గుళ్ళో ఆడవాళ్ళు ఓవైపు, మగవాళ్ళు ఓవైపు చాపల మీద కూర్చునేవాళ్ళు. పాట ఎత్తేది మా అత్త. ఆవిడది గొప్ప గొంతేం కాదు, కాస్త బొంగురు. అందుకే అందరికీ అందేది. ఆరాధన అయ్యాక నేరుగా ఇంటికొచ్చిన పాపాన పోలేదు. ఆ వారం రానివాళ్ళ ఇంటికి పోయి, అరుగు మీద కూర్చుని, "ఏం కూర వండారు?" అని మొదలెట్టేది. ఎందుకు రాలేదని మాత్రం అడిగేది కాదు. అడగదు గదా అని వాళ్ళే చెప్పేవాళ్ళు, మొగుడు కొట్టాడనో, కట్టుకోను చీర లేదనో. చీర లేదన్నామెకి తన చీర ఇచ్చేసి, పై ఆదివారం పాత చీరకి మాసిక వేసుకుని వచ్చింది. తెనాలిలో మా గుడి పెద్దది, రాతిది. అక్కడ నేను నెల రోజులు కనపడకపోయినా అడిగే దిక్కు లేదు.

ఒకరోజు అత్త పొయ్యి మీద నుంచి అన్నం కుండ దించుతుంటే మాడువాసన వచ్చింది. చూద్దును గదా, కాలుతున్నది ఆవిడ చెయ్యి. ఆవిడకి తెలియనే లేదు. మోచేతి కింద తెల్లమచ్చ అప్పటికే ఉందట, శోభి అనుకుందట. బాపట్ల తీసుకెళ్ళాం. డాక్టరు మంచాయన. "మాత్రలు వేసుకుంటూ ఇంట్లోనే ఉండొచ్చు. పక్కన కూర్చుంటే, కలిసి తింటే వచ్చేది కాదు" అని నిదానంగా చెప్పాడు. మేం నమ్మాం. పేట నమ్మలేదు.

ఎవరూ తిట్టలేదు. అదే నాకు మంట. గుడి వ్యవహారాలు చూసే సంఘపెద్ద ఇంటికొచ్చి, "వందనాలమ్మా" అని, మంచం దగ్గరికి రాకుండా దూరం నుంచే మాట్లాడాడు. "నువ్వు ఇంటి దగ్గరే ఉండమ్మా. ఎక్కణ్ణించి పిలిచినా దేవుడు వింటాడు గదా."

"దేవుడు వింటాడయ్యా. నాకు మీరు వినపడరు గదా" అంది మా అత్త.

ఆ ఆదివారం నుంచి గుడి బయట, కిటికీ పక్కన, చూరు కింద కూర్చుంది. అక్కణ్ణించే పాట ఎత్తేది. లోపలున్నవాళ్ళు అందుకునేవాళ్ళు. పాటకి లేని అంటు మనిషికెలా ఉందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. వానొస్తే చూరు నీళ్ళు ఒళ్ళో పడేవి. నేను వెళ్ళి పక్కన కూర్చుంటే, "లోపలికి పోవే, నీ చోటు ఖాళీగా కనపడుద్ది" అని కసిరేది.

రేపల్లెలో ఉండే అయ్యగారు నెలకోసారి సైకిలు మీద వచ్చి ప్రభు భోజనం, అంటే క్రీస్తు పేరున తలా ఒక రొట్టె ముక్క, ఒక గుక్క ద్రాక్షరసం, ఇచ్చేవారు. కుర్రాయన, కొత్తగా పాస్టరయ్యాడు. మొదటి నెల రొట్టె, గిన్నె పట్టుకుని బయట ఆవిడ దగ్గరికే వచ్చారు. మా అత్త చేతులు వెనక్కి తీసుకుంది.

"వద్దయ్యా. ఒక్కదాన్నే తింటే మందు మింగినట్టుంటది. లోపల వాళ్ళతోనే తింటాను. లేకపోతే తినను."

అయ్యగారు గిన్నెతో లోపలికి వెళ్ళిపోయారు. ఆ నెల ఆవిడ తినలేదు. ఆ పై నెలా తినలేదు. మా అత్తకి ఇంకే కోరికా లేదు. కోక అడగలేదు, నగ అడగలేదు. తనవాళ్ళ పక్కన మోకరించి, వాళ్ళు తాగిన గిన్నెలో తనూ ఒక గుక్క తాగాలి. అంతే.

మా సంఘంలో అందరికీ ఒకటే గిన్నె. ఆఖర్న మిగిలింది పారబొయ్యకూడదు, అయ్యగారే తాగాలి. అది అందరికీ తెలిసిన పద్ధతి. మూడో నెల అయ్యగారు ఒక నిర్ణయం చేసుకుని వచ్చారు. అందరూ తీసుకున్నాక కిటికీ వైపు తిరిగి, "అమ్మా, లోపలికి రండి" అని పిలిచారు. మా అత్త వచ్చింది. పాదాలు మొద్దుబారి ఉన్నాయేమో, మోకరించడానికి చానాసేపు పట్టింది. తాగింది. మిగిలింది అయ్యగారు అందరూ చూస్తుండగా తాగి, గిన్నె తుడిచి బోర్లించారు. మా ఆయన పసిపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఇంక దారిలో పడ్డట్టే అనుకున్నాం.

అయ్యగారు పాపం ఒకటి మర్చిపోయారు. ఆవిణ్ణి ఆఖర్న పెడితే ఎవరికీ భయముండదు అనుకున్నారు గానీ, పై నెలా అదే గిన్నె గదా!

పై నెల ప్రసంగం అయింది. "రండి" అన్నారు అయ్యగారు. ముందుగా లేచింది సంఘపెద్ద భార్య. మా అత్తకి చిన్ననాటి నేస్తం, ఊడ్పులకి జత. నేను పెద్దమ్మా అని పిలుస్తాను. లేచి, రొట్టె, గిన్నె పెట్టిన బల్ల వైపు రాలేదు, గుమ్మం వైపు నడిచింది. ఆమె వెనక ఒకరు, వాళ్ళ వెనక మరొకరు. ఒకరికి కడుపునొప్పి, ఒకరికి పొయ్యి మీద అన్నం. చాపలన్నీ ఖాళీ అయ్యాయి. మోకరించింది మేం ముగ్గురమే.

సాయంత్రం సంఘపెద్ద ఒక ఉపాయం పట్టుకొచ్చాడు. "అమ్మకి విడిగా ఒక గ్లాసు పెడదాం. అందరం కలిసే తీసుకోవచ్చు."

మా అత్త అంతసేపూ తల దించుకుని ఉన్నది, అప్పుడు ఎత్తింది. "అయ్యా, టీ కొట్లో మనకి విడిగా గ్లాసు పెడితే ఎంత ఏడ్చాం? నువ్వేగా ఆ గ్లాసు నేలకేసి కొట్టింది. దేవుడి బల్ల మీద కూడానా?"

ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఆ వారమే పేట పెద్దలు రేపల్లె వెళ్ళి, అయ్యగారి పైవాళ్ళకి ఆయన మీద ఫిర్యాదు చేసొచ్చారు. కొందరు ఆదివారం పక్క ఊరి గుడికి పోవడం మొదలెట్టారు.

నాకు అప్పుడే తెలిసింది మా అత్త ఎంత మొండిదో. బట్టలు మూట కట్టింది. "బాపట్ల ఆసుపత్రిలోనే ఉంటాను" అంది. మా ఆయన కాళ్ళమీద పడ్డాడు. డాక్టరే ఇంట్లో ఉండొచ్చన్నాడు గదా అని నేను గోల చేశాను. "నా ఒక్కదాని కోసం గుడి ఖాళీ అవుద్దా? వాళ్ళతో కూర్చోవాలనే గదా నా గోలంతా. వాళ్ళే లేని చోట కూర్చుని ఏం చెయ్యను?" అంది. బస్సెక్కేటప్పుడు కూడా ఎవరినీ ఒక్క మాట అనలేదు. నేను అన్నాను, చానా అన్నాను, పేటంతా వినేట్టు.

ఆవిడ వెళ్ళాక గుడి మళ్ళీ నిండింది. ఆ అయ్యగారిని ఎక్కడికో మార్చారు. మేం బాపట్ల వెళ్ళినప్పుడల్లా ఆవిడ మొదట అడిగేది మా పిల్లల గురించి కాదు. "గుడికి ఎవరెవరొస్తున్నారు? పాట ఎవరెత్తుతున్నారు?" ఎవరో ఒకరు మరీ పైకెత్తేసి రెండో చరణానికి గొంతు పట్టుకుంటున్నారని చెబితే పడీపడీ నవ్వేది. ఆ వార్డులో ఆదివారం అందరూ ఒకచోట కూర్చునేవాళ్ళు. వేళ్ళు లేని చేతులతో తాళం వేసేవాళ్ళు. "ఇక్కడ నన్ను చూసి ఎవ్వరూ లేవరే" అంది ఒకసారి. "వీళ్ళూ నావాళ్ళే. కానీ మన పేటవాళ్ళని నేను కన్నట్టే పెంచానే కోడలా" అని అటు తిరిగింది. నా ముందు ఆవిడ ఏడవడం అదొక్కసారే.

ఊరికి తెచ్చుకుని పూడ్చుకుంటాం అన్నాడు మా ఆయన. "ఎందుకు బాబూ, అక్కడే శుభ్రంగా ఉంటది" అన్నాడు సంఘపెద్ద. చచ్చాక కూడా మా పేట మట్టి దక్కలేదు. ఆసుపత్రి వెనకే పూడ్చాం. మా ఊరి నుంచి కొంతమంది వచ్చి, ఎడంగా నిలబడి, దణ్ణం పెట్టారు.

ఆ ఆసుపత్రిలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరన్నా పోతే, మట్టి చేశాక రోగులే వంట చేసి, పోయినవాళ్ళ తాలూకు వాళ్ళతో కలిసి ఒకే వరసలో తింటారు. విస్తళ్ళు వేశారు. మా ఊరివాళ్ళు "బస్సుకి టైమైందమ్మా" అని ఒకరొకరే గేటు వైపు నడిచారు. సంఘపెద్ద కూడా. పెద్దమ్మ మాత్రం కదల్లేదు. ఆయన రెండుసార్లు పిలిచాడు. ఆమె వచ్చి, వరసలో ఖాళీగా ఉన్న విస్తరి ముందు కూర్చుంది.

వడ్డించే ఆమెకి వేళ్ళు లేవు. గరిటెని రెండు అరచేతుల మధ్య ఇరికించి అన్నం పెట్టింది, పప్పు పోసింది. "తినమ్మా, చల్లారిపోద్ది" అంది. పెద్దమ్మ అన్నం కలిపింది. ముద్ద చేసింది. ముద్ద నోటిదాకా రాలేదు. నేను కన్నార్పకుండా చూస్తున్నాను. లేస్తుంది, ఇప్పుడు లేస్తుంది అనుకున్నాను.

మిగతా వరసంతా తిన్నారు, చేతులు కడుక్కున్నారు, ఎవరి విస్తళ్ళు వాళ్ళు తీశారు. గేటు బయట బస్సు హారను కొట్టి కొట్టి వెళ్ళిపోయింది. ఆ ముద్దని అలాగే కుడిచేతిలో పట్టుకుని, విస్తరి మీద ఈగలు వాలకుండా ఎడంచేత్తో కొంగు ఊపుకుంటూ, పెద్దమ్మ ఇంకా కూర్చునే ఉంది.